పొరల సంగతి తెలిసి ప్లానుపై సంతకం చేయండి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి కాకుండా మరేదైనా మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. అందువల్ల ఇళ్ళ ప్లాన్లను కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు లేయర్లు, అంటే పొరలు, ఎలా సర్దుకోవాలన్న విషయం ఎంచుకొన్నాను. గుమాస్తాకు ఈ గొడవ ఎందుకని మీరనుకోవచ్చు. మనలో చాలామందిమి గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము ఇంటిమీదే పెట్టాము. ఇప్పుడు పిల్లలు పైన ఒక అంతస్తు వేయాలన్నా, పాతది తీసి కొత్తది కట్టాలన్నా ప్లాను కంప్యూటరులోనే తయారవుతుంది. సొమ్ము మనది, సంతకం మనది. కనుక సంగతి కూడా మనకు తెలియాలి.

నేను ఇంజనీరింగు ఆఫీసులో పనిచేసిన రోజుల్లో మా సెక్షను పక్కనే డ్రాయింగు బ్రాంచి ఉండేది. కింది అంతస్తు ట్రేసింగుపై మీది అంతస్తు ట్రేసింగు పరచి, వెలుతురుకు పెట్టి, గోడమీద గోడ వచ్చిందో లేదో చూసేవారు. ఆ ట్రేసింగుల దొంతరే నేటి కంప్యూటరులో లేయర్లు. 1982లో వచ్చిన ఆటోక్యాడ్‌తో ఈ పద్ధతి చిన్న ఆఫీసులకు కూడా చేరింది. గోడలు ఒక పొర, తలుపులు ఒక పొర, స్తంభాలు ఒకటి, కొలతలు ఒకటి, కరెంటు పాయింట్లు మరొకటి. కావలసిన పొరను చూపవచ్చు, అక్కరలేనిదాన్ని దాచవచ్చు, ఎవరూ ముట్టకుండా తాళం వేయవచ్చు.

దాచడం రెండు రకాలు. ఒకటి ఆఫ్ చేయడం, రెండవది ఫ్రీజ్ చేయడం. ఆఫ్ చేసిన పొర కంటికి కనిపించదుగాని, మొత్తం ఎంచుకొని చెరిపితే అందులోని గీతలూ పోతాయి. ఫ్రీజ్ చేసినవి అలా పోవు. బి.ఆర్క్. చదివిన మా మనుమరాలు పని చేసుకొంటుంటే పక్కన కుర్చీ వేసుకొని కూర్చొని ఇవన్నీ అడిగి తెలుసుకొన్నాను. "తాతయ్యా, ఎన్ని ప్రశ్నలు!" అని విసుక్కుంటూనే చెప్పింది.

ఇక అసలు విషయం. ఇంటికి సర్వేయరు ఒక డ్రాయింగు ఇస్తాడు, స్ట్రక్చరల్ ఇంజనీరు మరొకటి ఇస్తాడు. ఆర్కిటెక్టు వాటిని తన సాఫ్ట్‌వేరులోకి తెచ్చుకొంటారు. ఉదాహరణకు రెవిట్ అనే సాఫ్ట్‌వేరులో అప్పుడొక ప్రశ్న ఎదురవుతుంది: పొరలన్నీ కావాలా, కనిపించేవి మాత్రమే కావాలా, ఏరి తీసుకొంటారా అని. పని త్వరగా తెమలాలని "కనిపించేవి" అన్నారంటే, పంపినవాడు దాచి ఉంచిన పొర రాకుండానే పోతుంది. రాలేదని ఎవరూ హెచ్చరించరు.

ఇందుకొక ఉదాహరణ చెబుతాను. మన సర్వీసువారే, నా మిత్రుడొకరు. ఆయన భార్యకు పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. ఆమె ఒకరి సాయం లేకుండా వెళ్ళేలా స్నానాలగదికి 3 అడుగుల వాకిలి ఉండాలన్నదే ఆయన కోరిక. దానికోసమే ఇల్లు మళ్ళీ కట్టడానికి పూనుకొన్నారు. ప్లాను వేసిన ఆఫీసు రంగుల బొమ్మలు ముచ్చటగా తయారుచేసి ఇచ్చింది. కాని ఇంజనీరు పంపిన ఫైలులో స్తంభాల పొర ఫ్రీజ్ అయి ఉంది. వీరు కనిపించేవే ఎక్కించుకొన్నారు. మా మనుమరాలు అసలు ఫైలు తెరిచి పొరలన్నీ చూపించేసరికి ఒక స్తంభం వాకిలిలోకి 9 అంగుళాలు వచ్చింది. మిగిలింది 2 అడుగుల 3 అంగుళాలు. ఆ కుర్చీ అందులో పట్టదు. అప్పటికి పునాది తవ్వలేదు గనుక ఇంజనీరు లెక్క చూసి స్తంభం చోటు మార్చారు. కాంక్రీటు పోసిన తరువాత బయటపడితే ఆ తల్లి గతి ఏమిటి?

కనుక కొన్ని జాగ్రత్తలు మనవి చేస్తాను.

మొదటిది, వచ్చిన అసలు ఫైలును ముట్టకుండా దాచి, నకలుమీద పని చేయాలి. నకలులో పొరలన్నీ తెరిచి చూసి, ఆ తరువాతే వాడని పేర్లు పర్జ్ చేసి తీసివేయాలి. మన రికార్డు రూములో కూడా చదవకుండా ఏ కాగితమూ తీసివేసేవాళ్ళం కాదు గదా!

రెండవది, పేర్లు. ఆటోక్యాడ్‌లో ఒక డ్రాయింగును మరొకదానిలో చొప్పించినప్పుడు రెండింటిలో ఒకే పేరుగల పొర ఉంటే, వచ్చినదానికి ఉన్నదాని రంగు, గీత రకమే అంటుకొంటాయి. ఎవరి గీత ఏదో తెలియదు. అదే ఎక్స్‌రెఫ్‌గా జతచేస్తే పొర పేరుకు ముందు ఫైలు పేరు చేరుతుంది. కాగితంపై సెక్షను అక్షరం, ఇన్‌వర్డు నంబరు వేసినట్లన్నమాట.

మూడవది, ఇంపోర్ట్ చేసినది నకలు కాపీవంటిది. ఇంజనీరు తరువాత దిద్దినా ఇక్కడ మారదు. లింకు చేసినదాన్ని రీలోడ్ చేస్తే దిద్దుబాట్లు వస్తాయి. మార్పులు నడుస్తున్నంతకాలం లింకే మేలు.

నాలుగవది, కొలమానం. సర్వేయరు మీటర్లలో గీసినది మిల్లీమీటర్లుగా ఎక్కితే 18 మీటర్ల స్థలం 18 మిల్లీమీటర్లవుతుంది. అంత తేడా ఎవరికైనా కనబడుతుంది. అయినా తెలిసిన ఒక కొలత, ఉదాహరణకు వీధివైపు హద్దు, కొలిచి చూడటం మంచిది.

ఐదవది, ఆటోక్యాడ్‌లో డెఫ్‌పాయింట్స్ అనే పొర ఉంటుంది. దానిమీద గీసినది తెరపై కనిపిస్తుంది, కాగితంపై అచ్చుపడదు. మేస్త్రీ చేతికి వెళ్ళేది కాగితమే.

అనుమతుల విషయంలోనూ పొరలది పెద్దపాత్రే. మన రెండు రాష్ట్రాలలోనూ ప్లాన్లను ఆన్‌లైన్‌లో పరిశీలించే పద్ధతి వచ్చింది. తెలంగాణలో 2020లో ఇందుకోసం స్వీయధ్రువీకరణ చట్టం కూడా చేశారు. ఇటువంటి పరిశీలనలో స్థలం హద్దు, రోడ్డు, కట్టడం వేటి పొరలో అవి నిర్ణయించిన పేరుతో ఉండాలి. కంప్యూటరు గోడను చూసి గోడ అనుకోదు, పొర పేరు చూసి అనుకొంటుంది. హద్దు గీత వేరే పొరలో పడితే, వదలవలసిన ఖాళీ స్థలం మీరు వదిలినా లెక్కకు రాదు.

కాబట్టి సంతకానికి ముందు నాలుగు మాటలు అడగండి. ఇంజనీరు ఫైలులోని పొరలన్నీ తెరిచి చూశారా? స్తంభాలు, దూలాలు, పైపులు ఒకేసారి చూపించి ప్రింటు ఇస్తారా? కొలత సరిచూశారా? పని పూర్తయ్యాక అసలు ఫైళ్ళు మాకు ఇస్తారా? ఇలా అడగడానికి కంప్యూటరు రానక్కరలేదు. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు చూసినవాళ్ళం, జతపరచిన కాగితాలు అన్నీ ఉన్నాయో లేవో చూడకుండా ఏ ఫైలూ పైకి పంపలేదు. ఆ అలవాటు చాలు.