మ్యాపులోంచి తీసేసిన దీవి

(ఊరి సభలో చేసిన ప్రసంగ పాఠం)



హిరోషిమా అంటే మనకు బాంబే గుర్తొస్తది. అదే జిల్లా సముద్రంలో ఒకునోషిమా అని చిన్న దీవి ఉంది. చుట్టూ తిరిగితే 4 కిలోమీటర్లు, అంతే. 1929లో జపాను సైన్యం అక్కడ విషవాయువుల ఫ్యాక్టరీ పెట్టింది. యుద్ధంలో విషవాయువు వాడగూడదని 1925లోనే జెనీవాలో ఒప్పందం రాసుకున్నరు. జపాను సంతకం పెట్టింది, ఖాయం చేసింది మాత్రం 1970లో! పైగా ఆ కాగితం వాడొద్దన్నది గానీ తయారు చేయొద్దనలేదు. (రాసేటోళ్ళు సందు ఎట్ల ఉంచుతరో చూడండి.) 1938లో ఆ దీవిని మ్యాపుల్లోంచే తీసేసిన్రు.

పనికి ఎవరొచ్చిన్రు? ఎదురుగా ఒడ్డున ఉన్న ఊళ్ళ పేదోళ్ళు. కూలి బాగనే ఇచ్చిన్రు. లోపలి సంగతి ఇంట్లో కూడా చెప్పొద్దన్నరు. సరుకుకు రంగుల పేర్లు పెట్టిన్రు. పసుపు అంటే మస్టర్డ్ గ్యాసు, లూయిసైటు. ఎరుపు అంటే వాంతులు తెప్పించేది. మస్టర్డ్ గ్యాసు తగిలినప్పుడు నొప్పే తెల్వదు. గంటలు గడిచినంక కండ్లు మండుతయి, ఒళ్ళు బొబ్బలు లేస్తది, ఊపిరితిత్తులు చెడతయి. రబ్బరు బట్టలు, ముసుగులు ఇచ్చిన్రు గానీ ఆవిరి సందుల్లోంచి దూరింది. యుద్ధం ముదిరినంక బడిపిల్లల్ని, ఆడపిల్లల్ని కూడా పనిలో దించిన్రు. మొత్తం 6 వేలకు పైగా మనుషులు పనిచేసిన్రు. చేసిన విషం 6 వేల టన్నులకు పైమాటే.

అది ఎవరిమీద పడింది? చైనా జనం మీద. 1942 మే నెలలో హెబే రాష్ట్రం బెయ్‌తాన్ ఊళ్ళో సొరంగాల్లో దాక్కున్న పల్లెవాసుల మీద జపాను సైన్యం విషవాయువు వదిలింది. వందలమంది చచ్చిన్రు. తర్వాత జరిగిన టోక్యో విచారణలో దీనికి ఒక్క అధికారికీ శిక్ష పడలేదు. వదిలేసి పోయిన డ్రమ్ములు మట్టిలోనే ఉండిపోయినయి. 2003లో చిచిహార్ పట్నంలో తవ్వుతుంటే బయటపడి ఒకరు చనిపోయిన్రు, 40 మందికి పైగా గాయపడ్డరు.

మరి చేసినోళ్ళ గతేంది? దగ్గు, ఆయాసం, ఊపిరితిత్తుల క్యాన్సరు. హిరోషిమా డాక్టర్లు 1968లో ఈ సంగతి వైద్య పత్రికలో రాసిన్రు. ఇక్కడ కార్యకర్తలు చెవి పెట్టి వినాలె. 1954లో సర్కారు వైద్య సాయం మొదలుపెట్టింది, అదీ మస్టర్లో పేరున్న పక్కా ఉద్యోగులకే. బలవంతంగా తెచ్చిన బడిపిల్లల పేర్లు ఆ మస్టర్లో లేవు. అదే గాలి పీల్చిన్రు, అదే దగ్గు దగ్గిన్రు. వాళ్ళకు సాయం వచ్చింది 1974లో.