దిర్హం నుంచి దమ్మిడీ దాకా



“చమ్డీ జాయే, దమ్డీ న జాయే” అని పిసినారిని గురించి ఉర్దూలో అంటాం. తోలు పోయినా సరే, దమ్మిడీ పోగూడదట! ఆ దమ్మిడీ వంశం పెద్దది. గ్రీకువారి ద్రాఖ్మా, అనగా పిడికెడు, పారశీకం మీదుగా అరబ్బీలో దిర్హం అయింది. ఖురాన్‌లో యూసుఫ్ అలైహిస్సలాంను అమ్మింది కొద్ది దిర్హంలకే. మన దేశంలో అది ద్రమ్మం, దాం, దమ్డీ, చివరకు తెలుగు దమ్మిడీ.

జకాత్‌కు హద్దు 200 దిర్హంల వెండి. అందులో నలభయ్యో వంతు, అంటే 5 దిర్హంలు, పేదల హక్కు. అక్బరు కాలంలో రూపాయికి 40 దాంలు. అనగా రూపాయికి ఒక దాం జకాత్ అన్నమాట. నాణెం పేరు మారింది, విలువా మారింది. ఆ వంతు మాత్రం మారలేదు. కనుక లెక్క చూసుకునేటప్పుడు మనం దమ్మిడీ కూడా దాచుకోవద్దు. అది మనది కాదు.