నకలునకు నకలు



గోడనున్న రవివర్మ అచ్చుపటమును చూచి రంగులతో దింపు బాలురు మదనపల్లె ప్రాంతమున లేకపోలేదు. గీత కుదురును, రంగు కుదురదు. ముఖము బురదపూసినట్లగును. దోషము చేతిలో లేదు, మూలములో నున్నది. అచ్చుపటమే నకలు, బాలుడు వ్రాయునది ఆ నకలునకు నకలు. దస్తావేజులలో నట్లు చేసినచోట సర్వే నంబరు తారుమారగుట అందఱెఱిగినదే.

నూనెరంగు పొరమీద పొరగ వేయవలసినది. అవిసెనూనె నీటివలె ఆవిరి కాదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లగ గట్టిపడును. కావున క్రింది పొరలో నూనె తక్కువగను, పై పొరలో నెక్కువగను ఉండవలెను. తలక్రిందులైనచో పైది ముందారి బీటలు వాఱును. మేనిచాయయు ఒక్క రంగుతో వచ్చునది కాదు. ఆరిన పొరపై పలుచని రంగు పూయగా అడుగుది దానిగుండ తొంగిచూచును. ముగిసిన పటము ఈ క్రమము నంతయు దాచివేయును.

ఈ రహస్యమునకై రవివర్మయే ఎంత తపించెనో వినుడు. 1848లో కిలిమానూరున జన్మించి, 1862లో తిరువనంతపురపు కొలువు చేరిన ఆ బాలునకు, నూనెరంగుల మర్మమెఱిగిన మధుర రామస్వామి నాయుడు నేర్ప నిరాకరించెనట. ఆయన శిష్యుడు ఆఱుముగం పిళ్ళై రాత్రులందు చాటుగ వచ్చి తెలిసినంత చెప్పెనని చరిత్రకారులు వ్రాసిరి. 1868లో రాజదంపతుల చిత్రములు వ్రాయవచ్చిన థియొడోర్ జెన్సన్ దొరయు పాఠము చెప్పలేదు. చెంతనుండి చూచుటకు మాత్రము అనుమతించెను. తక్కినది స్వయంకృషి. 1873లో మద్రాసు ప్రదర్శనమున రవివర్మకు బహుమానము లభించెను. పాపము, నాయుడుగారి పేరు నేడు ఎక్కువగ ఆ నిరాకరణవలననే వినబడుచున్నది.

మూలమును చూపుటలో మదనపల్లెవారి చేయియు నొకటి కలదు. ఇచ్చటి దివ్యజ్ఞాన కళాశాలకు ప్రిన్సిపాలుగ నుండి, 1919లో రవీంద్రునకు ఆతిథ్యమిచ్చిన జేమ్సు కజిన్సుగారు పిమ్మట తిరువాన్కూరు ప్రభుత్వమునకు కళా సలహాదారులైరి. 1935లో తిరువనంతపురమున తెరచిన శ్రీ చిత్రా చిత్రశాల వారి పూనిక ఫలము. రవివర్మ చిత్రములు రాజభవనపు గోడలు దాటి అచ్చట ప్రజల కంటబడినవి. నూనెరంగుల పటమును ప్రక్కగ నిలిచి చూచినచో వెలుగు పడిన చోట రంగు దళముగను, నీడలో పలుచగను తోచును. అచ్చులో రెండును సమమే.

నకలు వ్రాయుట పిల్లల పని యనువారు రూబెన్సును తలచుకొనవలెను. టిషియన్ మరణించిన మరుసటి యేడు, 1577లో, పుట్టినవాడు. ఐరోపాయంతట కీర్తి గడించి, యాబది దాటిన పిదప, 1628లో మాడ్రిడు నగరము చేరి టిషియన్ చిత్రములకు ప్రతులు వ్రాయుచు కూర్చుండెను. ఆదాము అవ్వల చిత్రమునకు ఆయన వ్రాసిన ప్రతి, మూలముతోపాటు, ఆ నగరమందలి ప్రాడో చిత్రశాలలోనే యున్నది. ప్రతిలో ఆదాము వెనుక నొక రామచిలుక కలదు. టిషియన్ పటమున చిలుక లేదు.