కొండయే వేదిక, వాగే తెర
(తిరుమలాయపాలెంలో యువజనుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



నాటకమనగానే మనకు తెర, దీపాలు, పందిరి గుర్తుకు వచ్చును. క్రిస్మస్ రాత్రి మన పిల్లలు ఆడే చిన్న నాటికకు కూడ నాలుగు బల్లలు చేర్చి వేదిక కట్టుచున్నాము. అయితే ఏ వేదికయు కట్టక, కొండను కొండగాను వాగును వాగుగాను ఉంచి, కథ జరిగిన చోటనే ఆ కథను నడిపించే పద్ధతి ఒకటున్నది. దానిని చూచుటకు దూరదేశము పోనక్కరలేదు. మనకు ఉత్తరముగా, ములుగు జిల్లా తాడ్వాయి అడవిలోనున్న మేడారం చాలును.

మన ఆరాధన వేరు, కోయ సోదరుల మొక్కు వేరు. మేము నేడు మాట్లాడునది మొక్కును గూర్చి కాదు. ఒక జాతి తన చరిత్రను కాగితము మీద గాక నేలమీద ఎట్లు దాచుకొన్నదో, దానిని గూర్చి.

కథ మీలో చాలమందికి తెలిసినదే. కరవు వచ్చినది, పంట పోయినది, కాకతీయ ప్రభువుకు కప్పము కట్టుటకు కోయలకు చేతకాలేదు. సైన్యము అడవిలోనికి వచ్చినది. పగిడిద్దరాజు, గోవిందరాజు, సారలమ్మ పోరులో పడిపోయిరి. కొడుకు జంపన్న సంపెంగవాగులో పడగా ఆ నీరు ఎర్రబారినదనియు, నాటినుండి అది జంపన్నవాగైనదనియు చెప్పుదురు. తల్లి సమ్మక్క గాయములతో చిలకలగుట్ట వైపు నడచి కనుమరుగైనది. వెదకినవారికి దొరికినది ఒక కుంకుమభరిణె మాత్రమే.

ఇప్పుడు రెండేండ్లకొకసారి మాఘమాసమున నాలుగు దినములు జరుగు జాతరను చూడండి. మొదటి దినము సారలమ్మ కన్నెపల్లినుండి బయలుదేరును. పగిడిద్దరాజు పూనుగొండ్లనుండి, గోవిందరాజు కొండాయినుండి వచ్చుదురు. ఎవరి ఊరినుండి వారే రావలెను. వాగు మీద వంతెన ఉన్నను సారలమ్మను తెచ్చు వడ్డెలు నీటిలోనే దిగి దాటుదురు. రెండవ దినము సమ్మక్క గుట్ట దిగును. విగ్రహము లేదు, భరిణె, వెదురుకర్రలు, డోలు చప్పుడు, అంతే. ఆ సమయమున జిల్లా పోలీసు అధికారి గాలిలోనికి తుపాకి పేల్చి వందనము చేయును. ఒకనాడు ఏ రాజ్యపు బలగముతో ఆమె పోరాడినదో, నేడు రాజ్యపు బలగమే ఆమెకు ఎదురేగుచున్నది! మూడవ దినము అందరును గద్దెలమీద ఉందురు. నాలుగవ దినము వనప్రవేశము. కథ తిరిగి అడవిలోనికే పోవును.

జర్మనీ దేశములో ఓబెరామర్‌గావ్ అను పల్లెవారు, మహమ్మారి తగ్గినయెడల క్రీస్తు శ్రమలను నాటకముగా ఆడెదమని 1633లో మొక్కుకొని, 1634 మొదలు నేటివరకు ఆడుచున్నారు. 2020లో ఆడవలసినది మరొక మహమ్మారివలన 2022లో ఆడిరి. వారికిని మేడారానికిని భేదమేమనగా, వారు యెరూషలేమును తమ ఊరిలో వేదికమీద కట్టుకొనవలెను. కోయలు కట్టవలసినది ఏమియు లేదు. వాగు లేనిదే జంపన్న లేడు, గుట్ట లేనిదే సమ్మక్క లేదు.

ఈ నేలకు మాటలిచ్చినవారు డోలి కళాకారులు. కోయల వంశములను, పోరాటములను బొమ్మలుగా వేసిన పడిగె గుడ్డను ఎదుట ఉంచుకొని, డోలు కొట్టుచు కోయ భాషలోను తెలుగులోను పాడుదురు. మణుగూరు ప్రాంతపు కూనవరం వాస్తవ్యులు సకిని రామచంద్రయ్యగారికి ఈ విద్యకే 2022లో పద్మశ్రీ వచ్చినది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూసిరి. బిరుదు ఇంటికి వచ్చినది గాని, ఆ పాటలన్నియు మరొకరి నోటికి చేరినప్పుడే విద్య మిగులును.

పాడువారు తరుగుచుండగా నేల కూడ తరుగుచున్నది. అదే మా దిగులు. 2024 ఆగస్టు 31న వచ్చిన పెనుగాలికి తాడ్వాయి, మేడారం అడవిలో వేలాది చెట్లు నేలకొరిగినవి. 1996లో రాష్ట్ర పండుగైన తరువాత వసతులు పెరిగినవి, మంచిదే. లక్షలాది జనముతో వచ్చు చెత్త కూడ పెరిగినది. ఇటు గోదావరి వైపు, 2014లో ఖమ్మం జిల్లాలోని మండలములు పోలవరము నిమిత్తము ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. అక్కడి కోయపల్లెలెన్నో ముంపు పాలగుచున్నవి. మునిగిన ఊరివారికి ఇల్లు మరొకచోట కట్టి ఇయ్యవచ్చును. పండుగ చేయు చెట్టును, పెద్దల పేర నిలిపిన రాతిని, పేరున్న వాగును ఎక్కడ కట్టి ఇయ్యగలరు?

యువజనులారా, మీ చేతిలో పని ఉన్నది. మీ ఊరి చెరువు, గుట్ట, వాగు, పాతబాట వీటి పేర్లు ఎట్లు వచ్చినవో అవ్వలను, తాతలను అడిగి వ్రాయండి. ఎవరు త్రవ్విరి, ఏ కరవులో ఎండినది, ఎవరు విడిచి వెళ్లిరి, అన్నియు వ్రాయండి. ఈసారి నాటికను పందిరిలో గాక ఆ చెరువుకట్టమీదనే ఆడి చూడండి. చూడవచ్చినవారు కూర్చుండక మీతోకూడ నడచుదురు గాక. తాము ప్రతిదినము నడచు బాటలో ఇంత కథ ఉన్నదని తెలిసినవాడు, ఆ చెరువును పూడ్చుటకు వచ్చిన వానిని ఊరకే చూచుచు నిలువడు.