మగ్గపు గుంట చెప్పే చరిత్ర



హోట్గి రోడ్ నేతవాడల్లో పాత ఇల్లు విప్పి కొత్తది కట్టేటప్పుడు గచ్చు కింద ఒకచోట మెత్తని మన్ను తగలవచ్చు. చుట్టూ నేల గట్టిగా ఉండి, అక్కడ మాత్రమే మట్టి రంగు మారితే, అది మరమగ్గం వచ్చాక తాతలు పూడ్చిన మగ్గపు గుంట కావచ్చు. కూలీల పార ఒక్క పూటలో దానిని చెరిపివేస్తుంది.

ఆ గుంటను గుర్తించి, కొలిచి, పటం గీసి నమోదు చేసే విద్యయే పురావస్తుశాస్త్రం. రాజుల కోటలే కాదు, నిన్నటి శ్రామికుల ఇండ్లు, మిల్లులు, పనిముట్లు కూడా దానికి ఆధారాలే. ఈ విద్యను చేతులతో నేర్పే విద్యార్థి వినిమయం సోలాపూర్‌కూ తెలంగాణకూ మధ్య ఏర్పడాలి.

ఇందుకు దారి ముందే ఉన్నది. పూణె నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ జాతీయ రహదారి సోలాపూర్‌ను, సంగారెడ్డిని కలుపుతుంది. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940 దశకం ఆరంభంలో జరిపిన తవ్వకాలలో శాతవాహనుల నాణేలు, కాల్చిన మట్టిబొమ్మలు, పూసలు లభించాయి. అక్కడ ప్రదర్శనశాల ఉన్నది. ఇటు సోలాపూర్‌కు పొరుగున ధారాశివ్ జిల్లాలో తేర్ ఉన్నది. అదే ప్రాచీన తగర నగరం. అక్కడి నుంచి ముతక వస్త్రాలు, సన్నని వస్త్రాలు బండ్లపై భరుకచ్ఛ రేవుకు చేరేవని క్రీస్తుశకం 1వ శతాబ్దపు గ్రీకు నావికుని గ్రంథం తెలుపుతున్నది. నేతగాని బిడ్డ ఆ నేలపై నిలిచినప్పుడు తన ఇంటి వృత్తి వయస్సు ఎంతటిదో గ్రహిస్తాడు.

రాష్ట్రాల మధ్య విద్యార్థుల రాకపోకలు కొత్త కావు. 2015లో ప్రకటించిన ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’లో మహారాష్ట్రకు ఒడిశా, తెలంగాణకు హర్యానా జత అయ్యాయి. నేతవాడల పిల్లలకు తాతల ఊళ్లతో జత కుదర్చవలసినది ఇక్కడి సమాజమే.

మట్టి మోయడానికి పిల్లలను పంపాలా అని తల్లిదండ్రులు అడగవచ్చు. ఆ శంక సహజం. పది రోజులు బిడ్డ ఇంట లేకుంటే కండెలు చుట్టే చేయి ఒకటి తగ్గుతుంది. అయితే ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రాచీన స్థలాలను తవ్వరాదన్నదే ఈ విద్యలో మొదటి పాఠం. విద్యార్థులు పెంకులు కడిగి వేరుచేయడం, పొరలను పోల్చడం, దొరికిన చోటును రాసిపెట్టడం నేర్చుకుంటారు. ఏ వస్తువైనా దొరికిన చోటు తెలియకపోతే సగం మూగబోతుందని తెలుసుకుంటారు.

అక్కడి పిల్లలు ఇక్కడికి వచ్చినప్పుడు హోట్గి రోడ్ పాఠశాల అవుతుంది. గుంట లోతు కొలబద్ద చెబుతుంది; అందులో కాళ్లు దించి కూర్చున్నవారు పడుగు, పేక, నాడె, అచ్చు అన్న మాటలను ఎలా వాడారో వృద్ధులు మాత్రమే చెప్పగలరు. మరాఠీ బడిలో చదివే మనుమడికి ఆ మాటలు అందే చివరి అవకాశం ఇదే కావచ్చు.

అందువల్ల ప్రతి కుటుంబం నుంచి కోరేది మూడే. గచ్చు పగలగొట్టే ముందు సమీప పాఠశాలకు కబురు చేయాలి. వచ్చే విద్యార్థి ఒక్కరికైనా ఇంట అన్నం పెట్టాలి. మగ్గం ఎరిగిన పెద్దలు ఒక గంట సమయం ఇవ్వాలి. గుంట పూడిపోయినా, దాని కొలత, దాని మాట మిగులుతాయి.