నీళ్ల సీసాతో పెట్రోలు ఆదా అవుతుందా?



ఒక ఇల్లు ఉందనుకోండి. ఇంటాయన అప్పు చేసి కారు కొన్నాడు. కిరాయికి తిప్పుతున్నాడు. వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం పెట్రోలుకే పోతోంది. ఒకరోజు ఎవరో వచ్చి, "కారులో ఒక సీసా బిగిస్తాం. అందులో నీళ్లు పోస్తే చాలు. సగం పెట్రోలు మిగులుతుంది" అన్నారు. ఇంటాయనకు ఆశ పుట్టింది. ఇల్లాలి దగ్గర పొదుపు డబ్బు ఉంది. కూతురి చదువు కోసం దాచింది. "అది ఇవ్వు. రెండు నెలల్లో తిరిగి వచ్చేస్తుంది" అన్నాడు.

ఆమె ఇవ్వాలా, వద్దా? ఇది తేలాలంటే ముందు ఆ సీసా సంగతి తెలియాలి.

సీసాలో ఏం జరుగుతుంది?

నీటిలో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి ఉన్నాయి. నీళ్లలోకి కరెంటు పంపితే ఆ రెండూ విడిపోతాయి. వాయువులుగా మారి, బుడగలుగా పైకి వస్తాయి. ఇది కొత్త సంగతి కాదు. 1800లోనే ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు చేసి చూశారు. హైడ్రోజన్ మండే వాయువు. అదీ నిజమే.

ఈ సీసాలో స్టీలు రేకులు పెడతారు. నీళ్లలో కాస్టిక్ సోడా లాంటిది కలుపుతారు. కారు బ్యాటరీ నుంచి కరెంటు ఇస్తారు. వచ్చిన వాయువును గొట్టం పెట్టి ఇంజనులోకి పంపుతారు. ఇంతవరకు అబద్ధం లేదు. తేడా అంతా లెక్కలో ఉంది.

రూపాయి లెక్క

సీసాకు కరెంటు ఎక్కడిది? బ్యాటరీది. బ్యాటరీకి ఎక్కడిది? డైనమోది. డైనమోను తిప్పేది ఎవరు? ఇంజను. ఇంజను తాగేది ఏమిటి? పెట్రోలే!

ఇప్పుడు లెక్క వేయండి. 100 రూపాయల పెట్రోలు కాలిస్తే, పనికి వచ్చే శక్తి సుమారు 25 రూపాయలది. మిగతాది వేడిగా, పొగగా పోతుంది. ఆ 25తో డైనమో తిప్పితే, కరెంటుగా వచ్చేది 15 లోపే. ఆ కరెంటును సీసాలోకి పంపితే, హైడ్రోజన్‌గా దక్కేది 10 రూపాయలది కూడా ఉండదు. అంటే 100 ఇచ్చి 10 తెచ్చుకున్నట్టు.

బావిలో నీళ్లు చిల్లికుండతో తోడి, మళ్లీ అదే బావిలో పోస్తే బావి నిండుతుందా? కారినంత మేర తగ్గుతుంది. ఇదీ అంతే.

"కొంచెం హైడ్రోజన్ కలిస్తే పెట్రోలు పూర్తిగా కాలుతుంది కదా?" అని కొందరు అంటారు. మంచి ఇంజనులో పెట్రోలు దాదాపు అంతా ఎలాగూ కాలుతుంది. కాలకుండా మిగిలేది చాలా తక్కువ. పైగా ఇంజను నిమిషానికి వందల లీటర్ల గాలి పీలుస్తుంది. సీసా ఇచ్చేది నిమిషానికి ఒక లీటరు వాయువు. అదైనా కష్టం మీద.

అమెరికాలో నాసా సంస్థ 1977లో దీన్ని పరీక్షించింది. పెట్రోలులో హైడ్రోజన్ కలిపి ఇంజను నడిపింది. ఎక్కువ గాలి, తక్కువ పెట్రోలుతో ఇంజను నడిచింది. పొగలో చెడు తగ్గింది. కాని ఆ రెండు ఇంధనాల శక్తినీ కలిపి లెక్క కడితే, కనీస ఖర్చు తగ్గలేదు.

అమెరికాలో ఏం జరిగింది?

ఒహాయో రాష్ట్రంలో స్టాన్లీ మేయర్ అనే ఆయన ఉండేవాడు. తన బండి నీళ్లతోనే నడుస్తుందని చెప్పాడు. నమ్మి ఇద్దరు డబ్బు పెట్టారు. తరువాత కోర్టుకు వెళ్లారు. నిపుణులు ఆయన యంత్రాన్ని చూశారు. అందులో కొత్తది ఏమీ లేదు, కరెంటుతో నీళ్లను విడగొట్టడమే అన్నారు. అది మోసమని 1996లో కోర్టు తేల్చింది. 25,000 డాలర్లు తిరిగి ఇమ్మంది.

2008లో అక్కడ పెట్రోలు ధర బాగా పెరిగింది. గాలను 4 డాలర్లు దాటింది. గాలను అంటే సుమారు మూడు ముప్పావు లీటర్లు. అప్పుడు ఈ సీసాల ప్రచారం మళ్లీ జోరందుకుంది. ధర పెరిగినప్పుడల్లా ఇలాంటివి బయటికి వస్తాయి. అక్కడి పర్యావరణ సంస్థ ఇంధనం ఆదా చేస్తాయన్న పరికరాలను 100కు పైగా పరీక్షించింది. కొద్దిపాటి లాభమైనా చూపినవి బహు కొద్ది.

మరి బిగించుకున్నవాళ్లు "మాకు మిగిలింది" అంటారెందుకు? డబ్బు పెట్టినవాడు బండిని జాగ్రత్తగా నడుపుతాడు. ఆ జాగ్రత్త వల్ల పెట్రోలు మిగులుతుంది. పేరు మాత్రం సీసాకు వస్తుంది.

ప్రమాదం కూడా ఉంది

హైడ్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాసు కారితే వాసన వస్తుంది. ఇది కారితే తెలియదు. చిన్న నిప్పురవ్వ చాలు, పేలుతుంది. కాస్టిక్ సోడా ఒంటి మీద పడితే కాలుతుంది. కంట్లో పడితే చూపు పోవచ్చు. పిల్లలు తిరిగే ఇంట్లో ఇది ఆట కాదు.

హైడ్రోజన్‌తో నడిచే కార్లు లోకంలో ఉన్నాయి. కాని వాటికి హైడ్రోజన్‌ను బయట తయారుచేసి ట్యాంకులో నింపుతారు. బండి పెట్రోలుతోనే తయారుచేసి, పెట్రోలు ఆదా అనరు.

ఖర్చు తగ్గే దారి

టైర్లలో గాలి సరిగా ఉంచాలి. గాలి ఫిల్టరు శుభ్రంగా ఉండాలి. ఆగి ఎదురుచూసేటప్పుడు ఇంజను కట్టేయాలి. అక్కరలేని బరువు మోయకూడదు. ఒక్కసారిగా వేగం పెంచి, ఒక్కసారిగా బ్రేకు వేయకూడదు.

ఒక నోటుబుక్కు పెట్టండి. ట్యాంకు నిండా పోయించి, మీటరులో కిలోమీటర్లు రాయండి. మళ్లీ నిండా పోయించినప్పుడు కిలోమీటర్లు, లీటర్లు రాయండి. 400 కిలోమీటర్లకు 25 లీటర్లు పడితే, లీటరుకు 16 కిలోమీటర్లు. నాలుగైదుసార్లు ఇలా రాస్తే బండి సంగతి మీకే తెలుస్తుంది.

ఇక ఆ ఇల్లాలి మాట. ఆమె డబ్బు తీయలేదు. సీసా అమ్మేవాడిని ఒక్కటే అడిగింది. "అన్నా, ఈ సీసాకు కరెంటు ఎక్కడినుంచి వస్తుంది?" "బ్యాటరీ నుంచమ్మా" అన్నాడు. "బ్యాటరీకి?" అంది. అతను మాట మార్చాడు. ఆమె పొదుపు పుస్తకం మూసి లోపల పెట్టింది. ఆ సాయంత్రం ఇంటాయన టైర్లలో గాలి పట్టించుకొని వచ్చాడు. ఆమె నోటుబుక్కులో మొదటి లెక్క రాసింది.

మీరూ అలాగే అడగండి. లెక్క రాయండి. ఆ తరువాతే డబ్బు తీయండి.