పోలింగ్ రోజు ప్రాక్టీస్ లేదు: కాలేజ్ టీమ్‌లు, ఓటు, మన గ్రౌండ్

కాలేజ్ టీమ్‌లో ఆడేవాళ్లు ఎవరైనా చూస్తుంటే ఇవాళ్టి టాపిక్ మీకోసమే. ఆడనివాళ్లు కూడా ఉండండి. మీ హాస్టల్‌లో ఒక కబడ్డీ ప్లేయరో, వాలీబాల్ ప్లేయరో ఉంటారు కదా, వాళ్లకి ఫార్వర్డ్ చేద్దురుగాని.

ముందు అమెరికా వెళ్దాం. ఎందుకంటే ఈ కథ అక్కడ మొదలైంది.

అమెరికాలో ఎన్నికలు మంగళవారం జరుగుతాయి. 1845 నుంచీ అంతే. దేశమంతటికీ సెలవేం ఉండదు. ఉద్యోగం, క్లాసులు, ప్రాక్టీస్ అన్నీ మామూలే. ఇక కాలేజ్ స్పోర్ట్స్ అంటే అక్కడ చిన్న విషయం కాదండి. ఎన్‌సీఏఏ అని ఒక పెద్ద సంస్థ ఉంది, సుమారు 5 లక్షల మంది స్టూడెంట్ ప్లేయర్లు దాని కిందే ఆడతారు. సీజన్‌లో వారానికి 20 గంటలకి మించి ప్రాక్టీస్ పెట్టకూడదని రూల్ ఉంది. కానీ ప్రయాణాలు ఆ లెక్కలోకి రావు. అంటే క్లాసు, జిమ్, గ్రౌండ్, బస్సు... వాళ్ల రోజంతా కోచ్ చేతిలో ఉన్నట్టే.

2020 మే నెలలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి పోలీసుల చేతిలో చనిపోయాడు. దేశమంతా రోడ్ల మీదకొచ్చింది. ఆ టైంలో అట్లాంటాలో జార్జియా టెక్ బాస్కెట్‌బాల్ టీమ్‌కి అసిస్టెంట్ కోచ్‌గా ఉన్న ఎరిక్ రెవెనో ఒక ఐడియా చెప్పాడు. పోలింగ్ రోజు ఆట వద్దు, ప్రాక్టీస్ వద్దు, అందరూ వెళ్లి ఓటేయండి అని. "ఆల్ వోట్, నో ప్లే" అని దానికి పేరు. ఒక్కో కోచ్, ఒక్కో టీమ్ కలుస్తూ వెళ్లారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఎన్‌సీఏఏ ఏకంగా రూలే పెట్టేసింది: ఎన్నికలు జరిగే ఆ నవంబర్ మంగళవారం డివిజన్ 1 టీమ్‌లకి ప్రాక్టీస్ ఉండకూడదు, మ్యాచ్ ఉండకూడదు. జూన్‌లో అన్న మాట సెప్టెంబర్‌కి రూల్ అయింది. మూడు నెలలు!

అదే జూన్‌లో ఇంకొకటి జరిగింది. మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ప్లేయర్ కైలిన్ హిల్ ఒక ట్వీట్ పెట్టాడు. బానిసత్వాన్ని నిలబెట్టడానికి యుద్ధం చేసిన పక్షం గుర్తు ఆ రాష్ట్ర జెండా మీద ఉండేది. ఆ జెండా మారుస్తారా, లేకపోతే నేను ఈ రాష్ట్రం తరఫున ఆడను అన్నాడు. అతనొక్కడి వల్లే మారిందని నేను అనను. చర్చిలు, కంపెనీలు, స్పోర్ట్స్ సంస్థలు అన్నీ ఒత్తిడి పెట్టాయి. కానీ వారం తిరక్కుండానే అసెంబ్లీ పాత జెండాని తీసేయడానికి ఓటేసింది. కొత్త జెండా కావాలా వద్దా అని జనాన్నే అడిగారు. ఎప్పుడో తెలుసా? 2020 నవంబర్ 3న, ప్రెసిడెంట్ ఎన్నికల రోజే. పెద్ద మెజారిటీతో పాసయింది. ట్వీట్‌తో మొదలైన గొడవ కూడా చివరికి బ్యాలెట్ పేపర్ దగ్గరికే వచ్చింది.

సరే, సెలవు ఇచ్చేశారు కదా, పనైపోయిందా అంటే, కాలేదు. ఒక టీమ్‌లో పది రాష్ట్రాల పిల్లలుంటారు. ఓటు సొంతూళ్లో ఉన్నవాడికి మంగళవారం సెలవిచ్చి ఏం లాభం? వాడు పోస్టల్ బ్యాలెట్‌కి వారాల ముందే అప్లై చేసుకోవాలి. కాబట్టి నవంబర్ సెలవు కంటే సెప్టెంబర్‌లో కూర్చుని ఫారాలు నింపించడమే అసలు పని. ఆ పని ఫోటోల్లో కనబడదు, అందుకే దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇక్కడ ఒక జాగ్రత్త, అమెరికాలో చదువుతున్న మనవాళ్లకి. క్యాంపస్‌లో టేబుల్ వేసుకుని ఓటర్ ఫారం చేతిలో పెడతారు, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ. మీరు ఎఫ్-1 వీసా మీద ఉంటే దాని మీద సంతకం పెట్టకండి. సిటిజన్ అని రాసి సంతకం పెడితే వీసా పోవచ్చు, వెనక్కి పంపించేయొచ్చు కూడా. మా టీమ్ నూటికి నూరు శాతం రిజిస్టర్ అయింది అని కోచ్ గొప్ప చెప్పుకోవడానికి అందులో ఉన్న ఫారిన్ స్టూడెంట్‌ని ఇరికించకూడదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మనకి పోలింగ్ రోజు సెలవు ఉంటుంది. 2024 మే 13న ఆంధ్రా, తెలంగాణ రెండు చోట్లా పోలింగ్ జరిగింది గుర్తుందా? హైదరాబాద్ నుంచి వెళ్లే బస్సులు సంక్రాంతికి కిక్కిరిసినట్టు కిక్కిరిశాయి. మన సమస్య సెలవు కాదు, లిస్టులో పేరు లేకపోవడం.

హాస్టల్‌లో ఉండే ప్లేయర్ పరిస్థితి చూడండి. ఊళ్లో 18 నిండకముందే స్పోర్ట్స్ కోటాలో సీటొచ్చి వచ్చేశాడు. ఇంట్లోవాళ్లు చూసుకుంటారులే అనుకుంటాడు. వాళ్లేమో వాడు సిటీలో రాయించుకున్నాడేమో అనుకుంటారు. ఎన్నికల సంఘం రూల్ ప్రకారం హాస్టల్ స్టూడెంట్ అమ్మానాన్నల ఊళ్లో అయినా రాయించుకోవచ్చు, హాస్టల్ అడ్రస్ మీద అయినా రాయించుకోవచ్చు. ఏదో ఒక్క చోటే. రెండు చోట్ల అంటే చట్టం ఒప్పుకోదు. హాస్టల్ అడ్రస్ కావాలంటే కాలేజ్ నుంచి బోనఫైడ్ తీసుకోవాలి. కొత్తగా అయితే ఫారం 6, అడ్రస్ మార్పుకి ఫారం 8. ఎన్నికల సంఘం యాప్‌లో ఫోన్ నుంచే అయిపోతుంది. 17 నిండితే ముందే అప్లై చేయొచ్చు. ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలు లెక్క: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తారీఖులు.

దీన్ని కెప్టెన్ పదిహేను నిమిషాల్లో చేయించేయొచ్చు. ప్రాక్టీస్ అయ్యాక అందరూ చెమటలు తుడుచుకుంటూ కూర్చుంటారు కదా, అప్పుడు "ఒరేయ్, లిస్టులో పేరుందా లేదా ఎవడికి వాడు చూసుకోండి" అంటే చాలు. సినిమా హీరో టీవీలో చెబితే వినం గానీ, మన కెప్టెన్ చెబితే వింటాం. అయితే ఓటర్ కార్డు స్క్రీన్‌షాట్లు గ్రూప్‌లో పెట్టమని అడగొద్దు. పేరుంది అంటే నమ్మండి.

కోచ్‌లకి ఒక మాట, కొంచెం గట్టిగానే చెప్తాను సార్. ఓటేశావా అని అడగండి, ఎవరికేశావని మాత్రం అడగకండి. ఏ పార్టీ మీటింగ్‌కీ జెర్సీలేసి టీమ్‌ని తీసుకెళ్లకండి. ఫైనల్ లెవెన్‌లో ఎవరుండాలో మీ చేతిలో ఉంది, పిల్లలు మీకు కాదని చెప్పలేరు. కాదని చెప్పలేని వాళ్లని అడగడం అడగడం కాదు.

ఇంకా ఓటు ఐదేళ్లకోసారి. గ్రౌండ్ రోజూ ఉంటుంది. మీరు ఆడే మున్సిపల్ గ్రౌండ్‌లో లైట్లు వెలగట్లేదా? అమ్మాయిల టీమ్‌కి టాయిలెట్ లేదా? మీటింగ్ అయ్యాక పాతిన గుంజల గుంతలు అలాగే ఉన్నాయా? వాటిల్లో కాలు మెలికపడేది మీదే. సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లండి, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రాలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అర్జీ రాసి, టీమ్ అందరూ సంతకాలు పెట్టి ఇవ్వండి. రసీదు నంబర్ అడిగి తీసుకోండి, అది లేకుండా బయటికి రావొద్దు. నెల దాటినా కదలకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఈ గ్రౌండ్‌కి ఎంత శాంక్షన్ అయింది, ఎంత ఖర్చు పెట్టారు అని అడగండి. ఒక్కడు వెళ్తే "తర్వాత రా బాబూ" అంటారు. పన్నెండు మంది జెర్సీలతో నిలబడితే కుర్చీలు వేయిస్తారు.

మీ గ్రౌండ్ సమస్య ఏంటో, మీ టీమ్‌లో ఎంతమందికి లిస్టులో పేరు లేదో కామెంట్స్‌లో రాయండి. అర్జీ ఎలా రాయాలో వచ్చే ఎపిసోడ్‌లో లైన్ బై లైన్ చూద్దాం. ఉంటాను మరి.